గుండె కండరపు జబ్బు: వంశము ఇచ్చునది, పరిసరములు చేర్చునది

గ్రామములలో అప్పుడప్పుడు కొన్ని విషాదవార్తలు వినవచ్చుచుండును. ఏ జబ్బును ఎరుగని ఇరువదియేండ్ల యువకుడు తిరునాళ్ళలో కబడ్డీ ఆడుచు హఠాత్తుగా కూలి ప్రాణము విడుచును. మరియొక యింట కాన్పు అయిన రెండు నెలలకు బాలింతరాలికి కాళ్ళు పొంగును. పడుకొన్నచో ఊపిరాడక ఆమె రాత్రులు కూర్చుండియే తెల్లవార్చును. ఇంకొక చోట నలుబదియేండ్ల రైతు చేనిగట్టు మీద నాలుగడుగులు నడచునప్పటికే ఆయాసపడును. మొదటిది దిష్టి యనియు, రెండవది బాలింత వాతమనియు, మూడవది కేవలము త్రాగుడు ఫలమనియు ఊరివారు తలంతురు. కాని ఈ మూడింటి వెనుకను ఒకే జాతికి చెందిన వ్యాధి యుండుటకు అవకాశము కలదు. అదియే గుండె కండరపు జబ్బు.

ఈ జబ్బు వంశపారంపర్యముగ వచ్చునని కొందరును, నడవడివలన వచ్చునని కొందరును చెప్పుచుందురు. రెండు మాటలలోను సత్యము సగమే కలదు. పుట్టుకతో వచ్చిన లక్షణమును, బ్రతుకులో ఎదురైన పరిస్థితులును కలిసియే చాలమంది రోగుల గతిని నిర్ణయించుచున్నవి. ఈ సంగతి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. ఏలయన, పుట్టుకను మార్చుట ఎవరి తరమును కాదు గాని, పరిసరములను మార్చుట కొంతవరకు గ్రామము చేతిలోని పని.

గుండెపోటు వేరు, ఇది వేరు

గుండె పిడికిలియంత కండరపు సంచి. అది దినమునకు సుమారు లక్షసార్లు ముడుచుకొని, విచ్చుకొని, రక్తమును శరీరమంతటికి పంపుచున్నది. ఆ కండరమునకు రక్తమును తెచ్చు నాళములు మూసికొనిపోవుటవలన వచ్చునది గుండెపోటు. కాలువ పూడిపోయి చేను ఎండుటవంటిది అది. గుండె కండరపు జబ్బులో నాళములు బాగుగనే యుండవచ్చును, కండరమే చెడును.

ఈ జబ్బు ముఖ్యముగ రెండు విధములుగ కనబడును. మొదటి దానిలో గుండె గోడ దళసరి యగును. సాధారణముగ ఒక సెంటీమీటరు మందము కల గోడ ఒకటిన్నర సెంటీమీటర్లకు, అంతకు మించియు పెరుగును. లోపల రక్తము నిలుచు తావు తగ్గును. గుండె లయ తప్పుటకు అవకాశము కలుగును. యువకుల ఆకస్మిక మరణములకు ఇది యొక కారణము. రెండవ దానిలో గుండె సాగి, గోడ పలుచనై, రక్తమును నెట్టు శక్తి తగ్గును. ఆయాసము, కాళ్ళవాపు, నీరసము దీని లక్షణములు.

జన్యువు చేయు పని

మన శరీరములోని కణములయందు సుమారు 20 వేల జన్యువులు కలవు. మాంసకృత్తులను తయారుచేయుటకు కావలసిన ఆదేశములు వీనిలోనే యుండును. ప్రతి జన్యువునకు రెండు ప్రతులుండును. ఒకటి తల్లినుండి, రెండవది తండ్రినుండి వచ్చును. గుండె కండరములో లావు పోగులు, సన్నని పోగులు ఒకదానినొకటి లాగుకొనుటవలన గుండె ముడుచుకొనును. ఈ పోగులను నిర్మించు ఆదేశములో తప్పు దొర్లినచో కండరపు అల్లిక చెడుటకు అవకాశము ఏర్పడును.

గుండె గోడ దళసరియగు జబ్బునకు కారణమైన జన్యులోపమును మొదటిసారిగ 1990లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టీన్ సైడ్మన్, జోనాథన్ సైడ్మన్ అను శాస్త్రజ్ఞ దంపతులును, వారి సహచరులును కనుగొనిరి. ఈ జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉండునని వైద్యుల అంచనా. ఇట్టి లోపములలో పెక్కింటికి ఒక ప్రతి చెడినను చాలును. తల్లికి గాని తండ్రికి గాని లోపమున్నచో ప్రతి బిడ్డకును అది సంక్రమించు అవకాశము సగము. నాణెము ఎగురవేసినపుడు బొమ్మ పడుటకు, బొరుసు పడుటకు ఎంత అవకాశమో ఇదియు అంతే. ఆడబిడ్డ, మగబిడ్డ అను భేదము లేదు.

హైదరాబాదులో జరిగిన పరిశోధన

ఈ విషయములో మన ప్రాంతమునకు దగ్గర సంబంధముగల పరిశోధన యొకటి కలదు. హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమునకు చెందిన కుమారస్వామి తంగరాజు గారును, దేశవిదేశములలోని వారి సహచరులును 2009లో తమ పరిశోధన ఫలితములను ప్రకటించిరి. గుండె పోగులను సరిగ నిలిపి యుంచు ఒక మాంసకృత్తు కలదు. దానిని తయారుచేయు జన్యువునందు 25 అక్షరముల భాగము లోపించుట భారతదేశమునందును, ఇరుగు పొరుగు దేశములందును తరచుగ కనబడుచున్నదని వారు తెలిపిరి. ఈ ప్రాంతపు జనులలో నూటికి సుమారు నలుగురికి ఈ లోపము కలదని తేలినది. ఇది లేనివారితో పోల్చిచూడగా ఉన్నవారికి గుండె కండరము చెడు అవకాశము దాదాపు ఏడు రెట్లు ఎక్కువగ కనబడినది.

నూటికి నలుగురనగా, సగటు లెక్కన రెండు వేల జనాభాగల గ్రామములో 80 మంది. ఇది వినినవెంటనే భయపడవలసిన పని లేదు. ఏడు రెట్లు ఎక్కువ అనగా అందరికిని జబ్బు వచ్చునని అర్థము కాదు. ఈ లోపమున్న వారిలో పలువురు యౌవనములో ఏ బాధయు లేక యుందురు. జబ్బు వచ్చిన వారిలో కూడ అది తరచుగ నడివయసు దాటిన పిమ్మటనే బయటపడును. ఇది కొన్ని వేల సంవత్సరములుగ మన జనులలో నిలిచియుండుటకు కారణము కూడ ఇదియే యని శాస్త్రజ్ఞులు తలంతురు. పిల్లలు పుట్టి పెరిగిన తరువాత గాని కీడు చేయని లోపము తరతరములకు సాగిపోవును. అంతియే కాక, ఈ లోపము కలవారిలో కొందరికి అదే జన్యువునందు రెండవ మార్పు కూడ ఉన్నట్లును, గుండె తీరు మారుట అట్టివారియందే ఎక్కువగ కనబడినట్లును 2018లో వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది. ఒక్క లోపమే రోగి భవిష్యత్తునంతటిని నిర్ణయించునని చెప్పుటకు వీలులేదు.

ఒకే విత్తు, రెండు చేలు

ఒక రూపముగల కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగ ఒక్కటే. గోడ దళసరియగు జబ్బుగల ఇట్టి కవలలను 11 జంటలను పరిశీలించి శాస్త్రజ్ఞులు 2021లో ఒక వ్యాసము ప్రకటించిరి. జంటలోని ఇరువురికిని లోపము ఒక్కటే యైనను, గోడ మందములోను, జబ్బు సాగిన తీరులోను వారి మధ్య తేడాలు కనబడినవి. జన్యువే సర్వమైనచో ఈ తేడాలు రాకూడదు. కావున పుట్టిన పిమ్మట కలిగిన కారణములు కూడ పనిచేయుచున్నవని తేలుచున్నది.

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదని మన పెద్దలందురు. అది నిజమే. కాని ఒకే నారుమడినుండి తీసిన నారును కాలువ మొదటనున్న చేనిలోను, నీరందని చివరి చేనిలోను నాటినచో పంట ఒకే విధముగ పండునా? తెగులు వచ్చిన ఏట దిగుబడి అంతేయుండునా? విత్తు పైరు జాతిని నిర్ణయించును. నీరు, ఎరువు, తెగులు దిగుబడిని నిర్ణయించును. గుండె విషయములోను ఇట్లే జరుగుచున్నది.

పరిసరములు చేయు కీడు

పరిసరముల బలమును చూపుటకు చైనా దేశపు ఉదాహరణమొకటి ప్రసిద్ధమైనది. ఆ దేశపు ఈశాన్య భాగమున కేషాన్ అను తాలూకా కలదు. 1935లో అచ్చట పిల్లలును, గర్భవతి కాగల వయసులోని స్త్రీలును గుండె కండరము చెడి పెక్కుమంది మరణించిరి. ఆ ఊరి పేరే ఆ జబ్బునకు పెట్టబడినది. అచ్చటి నేలలో సెలీనియము అను మూలకము అతిస్వల్పము. ఆ నేలలో పండిన ధాన్యమునందును అది తక్కువ. 1970 దశకమున పిల్లలకు సెలీనియము మాత్రలను పంచగా జబ్బు గణనీయముగ తగ్గినది. ఆహారలోపమునకు తోడు ఒక వైరస్ కూడ కారణమని తరువాత తెలిసినది. అనగా నేల, తిండి, అంటువ్యాధి అను మూడును గుండెను చెడగొట్టగలవు. అయినను ఆ నేలపై బ్రతికినవారందరును జబ్బుపడలేదు.

మద్యము సంగతి మనకు ఇంకను దగ్గరిది. ఏండ్ల తరబడి మితిమీరి త్రాగువారిలో కొందరికి గుండె సాగిపోవును, మరికొందరికి సాగదు. ఇందుకు కారణమేమని శాస్త్రజ్ఞులు వెదకిరి. గుండె కండరములో టైటిన్ అను మాంసకృత్తు కలదు. మానవ శరీరములోని మాంసకృత్తులన్నింటిలో ఇదియే పెద్దది. దీని జన్యువునందు లోపమున్నచో గుండెకు బలము తగ్గును. త్రాగుడువలన గుండె చెడినదని నిర్ణయింపబడిన 141 మంది రోగులను పరీక్షించి 2018లో ఫలితములను ప్రకటించిరి. వారిలో సుమారు పదిమందికి ఒకరియందు టైటిన్ లోపము కనబడినది. పోల్చుటకు తీసికొన్న సామాన్య జనులలో ఇది నూటికి ఒకరికన్న తక్కువ. గుండె సాగిన రోగులలో ఈ లోపము కలిగి, అధికముగ త్రాగువారి గుండె బలము మిగిలినవారికన్న తగ్గియున్నట్లును తేలినది.

దీని భావమేమి? ఒక యింట అన్నదమ్ములిద్దరు కలరనుకొందము. ఇద్దరికిని తండ్రినుండి ఈ లోపము వచ్చినది. తమ్ముడు మద్యము ముట్టక, రక్తపోటును అదుపులో నుంచుకొని అరువది దాటియు పొలము పనులు చూచుకొనుచుండవచ్చును. అన్న ప్రతి సాయంకాలము త్రాగి నలుబదియైదవ యేటనే మంచము పట్టవచ్చును. తమ్ముడు తప్పక బాగుండునని గాని, అన్న తప్పక చెడునని గాని చెప్పలేము. కాని అవకాశము ఎటు మొగ్గునో ఈ పరిశోధనలు చూపుచున్నవి. మరియొక సంగతి. తనకు లోపము కలదో లేదో త్రాగువానికి తెలియదు. ప్రక్కవాడు త్రాగియు బాగుండెనని తాను త్రాగుట, ఎదుటి చేనికి తెగులు రాలేదని తన చేనిని కనిపెట్టకుండుట వంటిది.

బాలింతల విషయమున ఏమరుపాటు తగదు

గర్భము చివరి నెలలలో గాని, కాన్పు తరువాతి అయిదు నెలలలో గాని కొందరు స్త్రీలకు గుండె కండరము సాగి బలహీనమగును. ఈ జబ్బుగల 172 మంది స్త్రీల జన్యువులను పరిశీలించి 2016లో ఫలితములు ప్రకటింపబడినవి. వారిలో నూటికి 15 మందియందు గుండె కండరమునకు సంబంధించిన జన్యులోపములు కనబడినవి. వానిలో ఎక్కువ భాగము పైన చెప్పిన టైటిన్ జన్యువునకే చెందినవి. అంతవరకు దాగియున్న లోపము గర్భధారణ భారముతో బయటపడినదని దీనివలన తెలియుచున్నది. మిగిలిన 85 మందియందు అట్టి లోపము కనబడలేదనియు గుర్తుంచుకొనవలెను. గర్భమునాటి అధిక రక్తపోటు, కవల గర్భము ఈ జబ్బు అవకాశమును పెంచును.

పడుకొన్నపుడు ఊపిరాడకపోవుట, రాత్రివేళ దగ్గు, కాళ్ళవాపు పెరుగుట, కొద్ది పనికే ఆయాసము కలుగుట ఈ జబ్బు గురుతులు. వీనిని కాన్పు బడలికయని త్రోసివేసిన యెడల ప్రాణాపాయము కలుగవచ్చును. సకాలములో చికిత్స జరిగినచో చాలమంది తల్లుల గుండె తిరిగి కోలుకొనును. ఒకసారి ఈ జబ్బు వచ్చినవారు మరల గర్భము ధరించుటకు ముందు వైద్యుని సలహా తప్పక పొందవలెను.

తొలగవలసిన అపోహలు

వంశమునుండి వచ్చునన్న మాట చెవిని పడగానే గ్రామములలో రెండు అనర్థములు జరుగుచున్నవి. ఒకటి, ఆ కుటుంబపు ఆడపిల్లలకు, మగపిల్లలకు సంబంధములు తప్పిపోవుట. రెండవది, కోడలు తెచ్చిన జబ్బు అని ఆమెను నిందించుట. రెండును అన్యాయములే. నూటికి నలుగురియందున్న లోపము ఏ ఒక్క యింటి కళంకమును కాజాలదు. ఎవరి జన్యువులను ఎవరును ఎన్నుకొని పుట్టలేదు. నిందకు భయపడి రోగమును దాచినచో పరీక్షలు జరుగవు. పరీక్షలు జరుగనిచో కాపాడదగిన ప్రాణములు పోవును.

అయితే మేనరికముల విషయమున ఒక హెచ్చరిక అవసరము. రక్తసంబంధీకులైన భార్యాభర్తలిద్దరికిని ఒకే పూర్వీకునినుండి ఒకే లోపము వచ్చియుండుటకు అవకాశము హెచ్చు. అప్పుడు ప్రతి బిడ్డకును రెండు ప్రతులు చెడినవే సంక్రమించు అవకాశము నాలుగింట ఒక వంతు. అట్టి బిడ్డలకు జబ్బు చిన్నతనముననే, తీవ్రముగ రావచ్చును. గుండె కండరపు జబ్బు బయటపడిన కుటుంబములలో మేనమామతో గాని, మేనబావతో గాని వివాహము నిశ్చయించుటకు ముందు వైద్యులను సంప్రదించుట మేలు.

పంచాయతీల కర్తవ్యము

1992లో ఆమోదింపబడిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. ఆరోగ్యము, పారిశుద్ధ్యము అందులోనివే. కావున ఈ పని వైద్యశాఖకే చెందునని సభ్యులు ఊరకుండుట తగదు. ఎక్కువ ఖర్చు లేకయే చేయదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది, ఆకస్మిక మరణము జరిగిన కుటుంబమును విడువకుండుట. నలుబది యేండ్ల లోపువాడు హఠాత్తుగా మరణించినను, ఎవరికైనను గుండె కండరపు జబ్బు కలదని తేలినను, వారి తల్లిదండ్రులను, అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, బిడ్డలను ఇ.సి.జి., ఎకో పరీక్షలకు పంపవలెను. ఈ పరీక్షలలో నొప్పి లేదు. ఆటలలో గాని, పనిలో గాని స్పృహ తప్పిన యువకుని వెంటనే వైద్యునికి చూపవలెను. అందరికిని జన్యుపరీక్ష అవసరము లేదు. జబ్బు తేలిన కుటుంబములకు అది కావలయునో లేదో వైద్యులే చెప్పుదురు.

రెండవది, రక్తపోటును కనిపెట్టుట. అధిక రక్తపోటు బాగున్న గుండె గోడనే దళసరి చేయును. పుట్టుకతో లోపమున్న గుండెకు అది రెట్టింపు భారము. ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహము పరీక్షించు కార్యక్రమము దేశమంతట అమలునందున్నది. తమ వార్డులో ఎవరెవరు పరీక్ష చేయించుకొనలేదో ఆశా కార్యకర్తతో కలసి సభ్యులు తెలిసికొనవలెను. రోజుకు ఒక్కొక్కరు తినదగిన ఉప్పు 5 గ్రాములకు లోబడియుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇది ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, అప్పడములు, ఉప్పుచేపలలోని ఉప్పును కూడ ఈ లెక్కలోనే చేర్చవలెను.

మూడవది, మద్యమును అరికట్టుట. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుండి నాటి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడినది. ఒక గ్రామపు స్త్రీలు తలపెట్టిన కార్యము ఎంత దూరము పోగలదో ఇది చూపుచున్నది. అనుమతి లేని దుకాణములపై ఫిర్యాదు చేయుట, త్రాగుడు మాన దలచినవారిని చికిత్సకు పంపుట పంచాయతీలు చేయదగిన పనులు.

నాలుగవది, బాలింతలను పరామర్శించుట. కాన్పు తరువాత ఎ.ఎన్.ఎం. గాని ఆశా కార్యకర్త గాని ఇంటికి వచ్చినపుడు బిడ్డ బరువుతో పాటు తల్లి ఊపిరిని, కాళ్ళవాపును కూడ విచారించునట్లు చూడవలెను. స్త్రీ సభ్యులు ఈ భారమును స్వీకరించినచో ఇంకను మేలు.

ఐదవది, ప్రథమ చికిత్స నేర్చుట. ఎవరైనను కుప్పకూలి, స్పృహయు సరియైన శ్వాసయు లేక పడియున్నచో 108కి ఫోను చేయించి, వెంటనే రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతు దిగునట్లు గట్టిగ నొక్కుచుండవలెను. వాహనము వచ్చువరకు ఆపరాదు. పాఠశాల ఉపాధ్యాయులకు, యువజన సంఘములవారికి ఈ విద్యను నేర్పించుటకు ఒక పూట చాలును.

చికిత్స పొందుచున్న రోగులకు ఒక మాట. ఒంట్లో బాగుగనున్నదని మాత్రలను తమంతట తాము మానరాదు. ఎంతవరకు శ్రమపడవచ్చునో, బరువు మోయవచ్చునో లేదో వైద్యుని అడిగియే నడుచుకొనవలెను.

నుదుటి వ్రాతయని చేతులు ముడుచుకొనుటయు తప్పు, అంతయు రోగి చేసికొన్నదేయని నిందించుటయు తప్పు. లోపముతో పుట్టినవాడు కూడ నిండు నూరేండ్లు బ్రతుకుటకు తగిన పరిసరములను కల్పించుట సాధ్యము. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. గడచిన కొన్ని సంవత్సరములలో మీ గ్రామమున చిన్న వయసున హఠాత్తుగా మరణించినవారెవరో, వారి అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, బిడ్డలు ఎక్కడనున్నారో విచారింపుడు. వారిలో ఒక్కరికి సకాలమున పరీక్ష జరిగినను ఆ సభ సార్థకమైనట్లే.